బోనులో నిలబడ్డవాడి తరఫున ఎవరు?

కోర్టులో ఒక పక్క ప్రభుత్వ ప్లీడరు ఉంటాడు. ఆయనకు జీతం ఉంది, వెనక పోలీసులున్నారు, సాక్షులున్నారు. బోనులో నిలబడ్డవాడి చేతిలో చిల్లిగవ్వ లేదు. వాడి తరఫున మాట్లాడేదెవరు? ఈ ప్రశ్నను పట్టుకుని నలభై ఏళ్లు వదలనివారు అమెరికాకు చెందిన క్లారా షార్ట్‌రిడ్జ్ ఫోల్ట్జ్.

క్లారా 1849లో ఇండియానా రాష్ట్రంలో పుట్టారు. చదువంటే ప్రాణం. పదిహేనేళ్లు నిండకముందే ఒక పల్లె బడిలో పాఠాలు చెప్పారు. అంతలోనే, 1864లో, ఇంట్లో చెప్పకుండా జెరెమియా ఫోల్ట్జ్ అనే సైనికుణ్ణి పెళ్లి చేసుకున్నారు. చదువు అక్కడితో ఆగింది. ఐదుగురు పిల్లలు పుట్టారు. బతుకుతెరువు కోసం కుటుంబం పడమటికి వెళ్లి చివరికి కాలిఫోర్నియాలోని శాన్ హోసేకు చేరింది. సంసారం గడవడానికి క్లారా బట్టలు కుట్టారు, ఇంట్లో మనుషులను పెట్టుకుని భోజనాలు వండిపెట్టారు. కొన్నాళ్లకు భర్త ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. భర్త వదిలేసిన ఆడదంటే లోకం చిన్నచూపు చూసే కాలమది. అందుకే ఆమె చాలాకాలం తాను వితంతువునని చెప్పుకున్నారు.

పిల్లలను పోషించుకోవడానికి ఆమె న్యాయవాద వృత్తిని ఎంచుకున్నారు. తండ్రి కొంతకాలం న్యాయవాదిగా పనిచేసినవారే. కానీ కాలిఫోర్నియా చట్టం ప్రకారం తెల్లజాతి మగవాళ్లు మాత్రమే న్యాయవాదులు కాగలరు. ఆ మాటలు తీసేయాలంటూ ఆమె సవరణ రాశారు. లారా డి ఫోర్స్ గోర్డన్ వంటి తోటి స్త్రీలతో కలిసి చట్టసభ చుట్టూ తిరిగారు. 1878లో సవరణ గట్టెక్కింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆమె ఆ రాష్ట్రంలో తొలి మహిళా న్యాయవాది అయ్యారు. అప్పటికి ఆమె వయసు 29.

మరింత చదువుకుందామని హేస్టింగ్స్ లా కాలేజీకి వెళ్తే ఆడవాళ్లకు చోటు లేదన్నారు. ఆమె, గోర్డన్ కాలేజీపైనే దావా వేశారు. 1879లో రాష్ట్ర సుప్రీంకోర్టు వారికి అనుకూలంగా తీర్పిచ్చింది. గెలిచేనాటికి ఆమెకు కాలేజీకి వెళ్లే స్తోమతా లేదు, తీరికా లేదు. తెరిపించిన తలుపులోంచి తర్వాతి ఆడపిల్లలు వెళ్లారు. ఆ కాలేజీ 1991లో, ఆమె పోయిన యాభై ఏడేళ్లకు, గౌరవ పట్టా ఇచ్చింది.

డబ్బున్న కక్షిదారులు ఆడ ప్లీడరు దగ్గరికి వచ్చేవారు కాదు. వచ్చినవాళ్లు ఎక్కువగా వేరే దిక్కులేనివాళ్లే. ఆ రోజుల్లో పేద నిందితుడికి న్యాయమూర్తి ఎవరో ఒక ప్లీడరును అప్పగించేవారు. దానికి ఫీజు లేదు. అందుకే అనుభవం లేని కుర్రవాళ్లో, పనిలేనివాళ్లో మిగిలేవారు. కొందరైతే నిందితుడి కుటుంబం దగ్గర ఉన్న కాస్తా లాగేసి, కేసును గాలికి వదిలేసేవారు. క్లారా ఇదంతా కళ్లారా చూశారు.

1893లో చికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా న్యాయ సంస్కరణల సభ జరిగింది. అందులో ఆమె తన ఆలోచనను దేశం ముందు పెట్టారు. నేరం రుజువయ్యేదాకా నిందితుడు నిర్దోషే అని చట్టం చెబుతోంది. నేరం మోపడానికి ప్రభుత్వం జీతమిచ్చి ప్లీడరును పెట్టుకుంటున్నప్పుడు, ఆ నిర్దోషిత్వాన్ని కాపాడడానికీ అలాగే జీతమిచ్చి మరొకరిని పెట్టాలి. ఇది దానం కాదు, ప్రభుత్వ బాధ్యత. ఇదీ ఆమె వాదన. ఆ ఉద్యోగికి ఆమె పెట్టిన పేరు పబ్లిక్ డిఫెండర్. దానికి ముసాయిదా బిల్లు తయారుచేసి రాష్ట్రాల చట్టసభలకు పంపారు, పత్రికల్లో వ్యాసాలు రాశారు.

ఫలితానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1914లో లాస్ ఏంజెలిస్ కౌంటీలో దేశంలోనే మొదటి పబ్లిక్ డిఫెండర్ కార్యాలయం తెరుచుకుంది. 1921లో కాలిఫోర్నియా రాష్ట్రమంతటికీ వర్తించే చట్టం వచ్చింది. మధ్యలో 1910లో ఆమె లాస్ ఏంజెలిస్‌లో ప్రభుత్వం తరఫున వాదించే డిప్యూటీ ప్లీడరుగానూ పనిచేశారు. త్రాసు రెండు తట్టలూ ఆమెకు తెలుసు. స్త్రీల ఓటుహక్కు కోసమూ పాటుపడ్డారు, 1911లో కాలిఫోర్నియాలో ఆ హక్కు వచ్చింది. 1930లో, ఎనభై దాటాక, గవర్నరు పదవికి పోటీపడి ఓడిపోయారు. 1934లో కన్నుమూశారు. తీవ్రమైన నేరారోపణ ఎదుర్కొనే పేదవాడికి ప్రభుత్వమే ప్లీడరును ఇవ్వాలని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది 1963లో. లాస్ ఏంజెలిస్ క్రిమినల్ కోర్టు భవనానికి నేడు ఆమె పేరే ఉంది.

మన దేశంలోనూ ఈ హక్కుంది. రాజ్యాంగంలోని 39ఎ అధికరణం, 1987 న్యాయసేవల చట్టం దానికి ఆధారం. ఆ చట్టంలోని 12వ సెక్షన్ కింద స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం పొందవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవాలి. ఏ రాష్ట్రంలో ఉన్నా ఇది వర్తిస్తుంది. తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోదగ్గ విషయం.

ఈ కథ పిల్లలకు చెప్పే ముందు నేను కాస్త తడబడ్డాను. తరగతిలో ఎవరైనా ఫిర్యాదు తెస్తే, గట్టిగా చెప్పినవాడి మాటే విని రెండోవాణ్ణి నిలబెట్టిన రోజులు నాకూ ఉన్నాయి. వాడు మాట రాక ఊరుకుంటే, తప్పు ఒప్పుకున్నాడనుకున్నాను. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడే మన పిల్లల్లో ఇలా మాట దొరకనివాళ్లు ఎక్కువ. ఇప్పుడు శిక్ష వేసే ముందు ఒక పని చేస్తున్నాను. వాడి తరఫున మాట్లాడేందుకు ఇంకొకరిని లేవమంటున్నాను. ఎవరో ఒకరు లేస్తున్నారు.