గగనాన్వేషి వైను బప్పు

పాఠ్యభాగ పరిచయం

ఆధునిక భారతీయ ఖగోళశాస్త్రానికి గట్టి పునాదులు వేసిన మహనీయులలో వైను బప్పు అగ్రగణ్యులు. హైదరాబాదులోని వేధశాల నీడలో పెరిగి, అమెరికాలో ఖ్యాతి గడించి, స్వదేశానికి తిరిగి వచ్చి, మన దూరదర్శినులను మనమే నిర్మించుకోవాలని జీవితాంతం శ్రమించిన శాస్త్రజ్ఞుడాయన. ఆయన జీవిత విశేషాలను, గ్రహ నక్షత్రాల పరిశోధనకు ఆయన చేసిన సేవను ఈ పాఠ్యభాగం తెలియజేస్తుంది.

పాఠ్యభాగం

ఆకాశాన్ని శాస్త్రీయంగా పరిశీలించడానికి మూడు వసతులు కావాలి. అవి నిర్మలమైన ఆకాశం, నాణ్యమైన పరికరం, ఓర్పు గల పరిశీలకుడు. భారతదేశంలో మొదటిదానికి గాని, మూడవదానికి గాని ఎన్నడూ కొరత లేదు. ఆర్యభటుని కాలం నుండి గ్రహగతులను గణించిన పండితులు మనకున్నారు. అయితే ఇరవయ్యవ శతాబ్ది నడిమికి వచ్చేసరికి పాశ్చాత్య దేశాలలో పెద్ద పెద్ద దూరదర్శినులు వెలిశాయి. మన దేశంలో అటువంటివి లేవు. ప్రతిభ గల యువకులు పరిశోధన కోసం పరదేశాలకు వెళ్ళక తప్పని స్థితి ఏర్పడింది. ఆ లోటును తీర్చడమే తన జీవితకార్యంగా స్వీకరించినవారు వైను బప్పు.

ఆయన పూర్తి పేరు మనాలి కల్లాట్ వైను బప్పు. 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించారు. వారి కుటుంబం కేరళ ప్రాంతానికి చెందినది. తండ్రి మనాలి కుకుళి బప్పు హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో నవాబ్ జఫర్ జంగ్ అనే ఖగోళాభిమాని చొరవతో ఏర్పడిన ఆ వేధశాల, తరువాతి కాలంలో బేగంపేటకు తరలి, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలోకి వచ్చింది. ఆకాశంలోని నక్షత్రాలన్నింటికీ ఛాయాచిత్రాలు తీసి పట్టిక తయారుచేయాలని ప్రపంచ దేశాలు పూనుకున్న మహాప్రయత్నంలో ఆ వేధశాల కూడా పాలుపంచుకున్నది. అటువంటి చోట బప్పు బాల్యం గడిచింది. ఇతర బాలురు ఆటబొమ్మలతో ఆడుకునే వయసులోనే ఆయనకు దూరదర్శినితో చెలిమి కుదిరింది.

నిజాం కళాశాలలో చదువుకునే రోజులలోనే బప్పు చరకాంతి నక్షత్రాలను, అనగా కాంతి ఒకసారి పెరుగుతూ మరొకసారి తగ్గుతూ ఉండే నక్షత్రాలను గమనించి పరిశోధన పత్రాలు ప్రచురించారు. భౌతికశాస్త్రంలో ఉన్నత విద్య పూర్తిచేసిన తరువాత, హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో 1949లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు.

అక్కడ చేరిన కొద్ది మాసాలకే ఆయనకు అరుదైన అదృష్టం లభించింది. 1949 జూలై 2వ తేదీ రాత్రి ఆకాశాన్ని ఛాయాచిత్రం తీసి, ఆ పలకను పరీక్షిస్తుండగా అంతకుముందు ఎవరూ గుర్తించని ఒక తోకచుక్క జాడ ఆయన కంటబడింది. ఆచార్యుడు బార్ట్ బాక్, సహాధ్యాయి గోర్డన్ న్యూకిర్క్ ఆ పరిశోధనలో తోడ్పడ్డారు. అందువల్ల ఆ తోకచుక్కకు బప్పు-బాక్-న్యూకిర్క్ అని ముగ్గురి పేర్లూ కలిపి పెట్టారు. పసిఫిక్ ఖగోళశాస్త్ర సంఘం డోనహో పతకంతో బప్పును గౌరవించింది. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండేళ్ళే.

1952లో డాక్టరేటు పొందిన తరువాత బప్పు కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలొమార్ వేధశాలలలో పరిశోధన చేసే అవకాశం పొందారు. పాలొమార్‌లోని అయిదు మీటర్ల దర్పణం గల దూరదర్శిని నాడు ప్రపంచంలోకెల్లా పెద్దది. అక్కడ ఓలిన్ విల్సన్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి ఆయన ఒక ముఖ్యమైన సంబంధాన్ని కనుగొన్నారు. దూరాన ఉన్న పెద్ద దీపమూ, దగ్గర ఉన్న చిన్న దీపమూ కంటికి ఒకే తీరుగా కనిపించవచ్చు. నక్షత్రాల విషయమూ అంతే. కనిపించే కాంతిని బట్టి నక్షత్రం దూరాన్ని చెప్పలేము. దాని నిజమైన కాంతి ఎంతో తెలిస్తేనే దూరం తెలుస్తుంది. నక్షత్రకాంతిని వర్ణపటంగా విడదీసి చూసినప్పుడు అందులో కాల్షియం మూలకానికి చెందిన ఒక రేఖ కనిపిస్తుంది. సూర్యునివంటి నక్షత్రాలలోను, అంతకంటె చల్లని నక్షత్రాలలోను ఆ రేఖ నడుమ సన్నని వెలుగు పట్టీ ఉంటుంది. ఆ పట్టీ ఎంత వెడల్పుగా ఉంటే నక్షత్రం నిజమైన కాంతి అంత ఎక్కువ అని వారు నిరూపించారు. 1957లో ప్రకటితమైన ఈ సంబంధం విల్సన్-బప్పు ప్రభావం అనే పేరుతో శాస్త్రగ్రంథాలలో స్థిరపడింది.

ఇంతటి పేరు వచ్చిన యువకుడు అమెరికాలోనే స్థిరపడి ఉంటే ప్రపంచంలోని అత్యుత్తమ పరికరాలు ఆయన చేతికి అందుబాటులో ఉండేవి. కాని బప్పు 1953లోనే స్వదేశానికి తిరిగి వచ్చారు. ఇక్కడ ఆయనకోసం ఎదురుచూస్తున్న పెద్ద దూరదర్శిని ఏదీ లేదు. వారణాసిలో అప్పుడే రూపుదిద్దుకుంటున్న ఉత్తరప్రదేశ్ రాష్ట్ర వేధశాల బాధ్యతను 1954లో చేపట్టారు. మైదాన ప్రాంతపు దుమ్ము, పొగమంచు పరిశీలనకు అనువు కావని గ్రహించి, వేధశాలను హిమాలయ సానువులలోని నైనితాల్‌కు తరలించడానికి నాయకత్వం వహించారు.

1960లో బప్పు కొడైకెనాల్ వేధశాలకు సంచాలకులయ్యారు. అప్పటికి ఆయన వయసు ముప్పై మూడేళ్ళకు మించలేదు. కొడైకెనాల్ సూర్య పరిశోధనకు పేరెన్నిక గన్నది. బప్పు అక్కడి పాత పరికరాలను చక్కదిద్ది, కొత్తవాటిని సమకూర్చి, యువ పరిశోధకులను చేరదీశారు. అయితే ఆ కొండల మీద మబ్బులు ఎక్కువ కావడంవల్ల రాత్రివేళ నక్షత్ర పరిశీలనకు తగినన్ని నిర్మలమైన రాత్రులు దొరికేవి కావు. అందుచేత దక్షిణ భారతంలో మరొక అనువైన స్థలం కోసం ఆయన అన్వేషణ ప్రారంభించారు.

దక్షిణాదినే ఎందుకు వెదికారో తెలుసుకోవడానికి మన కర్నూలు, కడప ప్రాంతాల ఆకాశమే చక్కని ఉదాహరణ. శీతకాలపు రాత్రి మెట్టపొలాల మీద నిలిచి దక్షిణ దిక్కుకు చూస్తే అగస్త్య నక్షత్రం ఉజ్జ్వలంగా ప్రకాశిస్తూ కనిపిస్తుంది. కర్నూలులో అది దిగంతానికి సుమారు ఇరవై ఒక్క డిగ్రీల ఎత్తుకు వస్తుంది. అదే నక్షత్రం నైనితాల్‌లో ఎనిమిది డిగ్రీల ఎత్తుకు మించి రాదు. భూమధ్యరేఖకు చేరువయ్యే కొద్దీ దక్షిణాకాశం మనకు మరింతగా దర్శనమిస్తుంది. ఐరోపా, ఉత్తర అమెరికాలలోని వేధశాలలకు అందని నక్షత్రాలెన్నో ఈ ప్రాంతాలనుండి కనిపిస్తాయి. అంతేకాదు, మబ్బులేని ఆకాశం రైతుకు బెంగ కలిగిస్తే నక్షత్ర పరిశీలకునికి అదే పెన్నిధి. వానలు తక్కువగా ఉండి, పట్టణాల వెలుగులు సోకని చోటు కోసం బప్పు వెదికారు. చివరకు చిత్తూరు సీమకు దక్షిణాన, తమిళనాడులోని జవాది కొండలలో కావలూరు అనే కుగ్రామం ఆయన దృష్టిని ఆకర్షించింది. 1968లో అక్కడ నెలకొల్పిన మొదటి దూరదర్శిని వ్యాసం 38 సెంటీమీటర్లు మాత్రమే. అయితే అది ఆ వేధశాల కార్మికుల, శాస్త్రజ్ఞుల చేతులమీదుగా మన దేశంలోనే రూపొందినది.

1972లో తూర్పు జర్మనీనుండి తెప్పించిన ఒక మీటరు దూరదర్శిని కావలూరు చేరింది. ఆ సంవత్సరమే అది గ్రహ పరిశోధనలో తన సత్తా చాటింది. గురుగ్రహానికి గల ఉపగ్రహాలలో గానిమీడ్ అన్నిటికంటె పెద్దది. అది బుధగ్రహం కంటె కూడా పెద్దది. 1972 జూన్ 7వ తేదీన గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డుగా వచ్చింది. ఉపగ్రహం చుట్టూ వాయువులు లేకపోతే నక్షత్రం దీపం ఆర్పినట్లు క్షణంలో మాయం కావాలి. వాయువులు ఉంటే కాంతి క్రమంగా మసకబారాలి. కావలూరులోను, ఇండోనేషియాలోని లెంబాంగ్‌లోను చేసిన పరిశీలనలు గానిమీడ్‌కు పలుచని వాతావరణం ఉండవచ్చునని సూచించాయి. 1979లో వాయేజర్ నౌక పంపిన సమాచారం ఆ వాతావరణం తొలుత అంచనా వేసినదానికంటె ఎన్నో రెట్లు పలుచనిదని తేల్చింది. 1990ల నాటి హబుల్ దూరదర్శిని పరిశీలనలు అక్కడ అతి పలుచని ఆక్సిజన్ పొర ఉన్నట్లు చూపాయి. ఒకరు సూచించినదానిని మరొకరు సరిదిద్దుతూ సాగడమే శాస్త్ర పురోగతి. గానిమీడ్‌ను మరింత దగ్గరగా చూడటానికి ఐరోపా అంతరిక్ష సంస్థ 2023 ఏప్రిల్ 14వ తేదీన జ్యూస్ అనే నౌకను ప్రయోగించింది.

1977 మార్చి 10వ తేదీన మరొక మహత్తర ఘట్టం జరిగింది. ఆ రాత్రి యురేనస్ గ్రహం ఒక నక్షత్రానికి అడ్డుగా రావలసి ఉంది. కావలూరులో భట్టాచార్య, కుప్పుస్వామి అనే శాస్త్రజ్ఞులు దానిని పరిశీలిస్తుండగా, గ్రహం నక్షత్రాన్ని సమీపించక ముందే నక్షత్రకాంతి కొద్ది సెకన్లపాటు తగ్గి మళ్ళీ యథాస్థితికి వచ్చింది. యురేనస్‌కు ఇంతవరకు తెలియని ఉపగ్రహమేదో అడ్డువచ్చిందని వారు మొదట భావించారు. అదే సమయంలో అమెరికా శాస్త్రజ్ఞులు విమానంలో అమర్చిన దూరదర్శినితో చూడగా, నక్షత్రకాంతి గ్రహానికి రెండు వైపులా పలుమార్లు తగ్గడం కనిపించింది. అన్ని పరిశీలనలనూ సమన్వయించినప్పుడు, శనిగ్రహానికి వలెనే యురేనస్‌కు కూడా వలయాలున్నాయని తేలింది. ఒక చిన్న గ్రామపు వేధశాల ఈ విధంగా సౌరకుటుంబ చరిత్రలో చోటు సంపాదించుకున్నది.

ఇంతలో 1971లో కొడైకెనాల్ వేధశాల స్వయంప్రతిపత్తి పొంది భారత ఖగోళ భౌతిక సంస్థగా అవతరించింది. బప్పు దానికి మొదటి సంచాలకులు. తరువాత సంస్థ కేంద్రం బెంగళూరుకు మారింది. దిగుమతి చేసుకున్న దూరదర్శినితో ఆయన తృప్తి చెందలేదు. 2.34 మీటర్ల వ్యాసం గల దర్పణంతో పెద్ద దూరదర్శినిని స్వదేశంలోనే నిర్మించాలని సంకల్పించారు. డబ్బిస్తే విదేశాలనుండి పరికరం వస్తుంది గాని దానిని తయారుచేసే నేర్పు రాదు. దర్పణాన్ని సానబెట్టే నిపుణులు, ఉక్కు నిర్మాణం రూపొందించే ఇంజనీర్లు, కాంతిని కొలిచే పరికరాలు చేసే పనివారు మన దేశంలోనే తయారు కావాలన్నది ఆయన ఆశయం. అద్దాన్ని వెంట్రుకలో వందోవంతు కంటె తక్కువ తేడాతో నునుపు చేయడం ఏళ్ళ తరబడి సాగే పని. సంస్థ సొంత ప్రయోగశాలలోనే ఆ పని చేపట్టారు. బప్పు శాస్త్రజ్ఞుడే కాదు, చిత్రలేఖనం, సాహిత్యం, తోటపనులయందు అభిరుచి గల రసజ్ఞుడు కూడా.

ఆయన కృషికి గౌరవాలు వెతుక్కుంటూ వచ్చాయి. 1970లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1981లో పద్మభూషణ్ లభించాయి. 1979లో అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సమాఖ్యకు అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. ఆ పదవిని అలంకరించిన మొదటి భారతీయుడు ఆయనే. 1982 ఆగస్టులో గ్రీసు దేశంలోని పత్రాస్ నగరంలో ఆ సమాఖ్య మహాసభ జరిగింది. దానికి అధ్యక్షత వహించవలసిన బప్పు అప్పుడు జర్మనీలోని మ్యూనిక్ నగరంలో గుండె జబ్బుకు చికిత్స పొందుతున్నారు. శస్త్రచికిత్స జరిగినా ఫలితం లేకపోయింది. ఆగస్టు 19వ తేదీన ఆయన కన్నుమూశారు. యాభై అయిదేళ్ళు నిండి తొమ్మిది రోజులే అయ్యాయి. తాను కలగన్న దూరదర్శిని అప్పటికింకా పూర్తి కాలేదు.

బప్పు లేకున్నా పని ఆగలేదు. ఆయన తీర్చిదిద్దిన శిష్యులు, సహచరులు దానిని పూర్తి చేశారు. 1986 జనవరి 6వ తేదీన నాటి ప్రధాని రాజీవ్ గాంధీ ఆ వేధశాలకు, కొత్త దూరదర్శినికి వైను బప్పు పేరు పెట్టారు. అదే నెలలో వాయేజర్ 2 నౌక యురేనస్ పక్కగా సాగిపోతూ దాని వలయాల చిత్రాలను భూమికి పంపింది. 1988లో కావలూరులో ఒక లఘుగ్రహాన్ని కనుగొని, దానికి గణిత మేధావి రామానుజన్ పేరు పెట్టారు. మరొక లఘుగ్రహం బప్పు పేరునే ధరించి సూర్యుని చుట్టూ తిరుగుతున్నది. ఆయన పెంచిన సంస్థ లడఖ్‌లోని హాన్లేలో రెండు మీటర్ల దూరదర్శినిని స్థాపించింది. 2023 సెప్టెంబరు 2వ తేదీన శ్రీహరికోటనుండి సూర్యుని పరిశీలనకు బయలుదేరిన ఆదిత్య-ఎల్1 నౌకలోని ప్రధాన పరికరాన్ని రూపొందించినదీ ఆ సంస్థయే.

బప్పు తన పెద్ద దూరదర్శినిలోనుండి ఒక్క నక్షత్రాన్నయినా చూడలేదు. కాని దానిని నిర్మించగల చేతులను, నడపగల కళ్ళను ఆయన తయారుచేసి వెళ్ళారు. పరికరాలు కాలక్రమంలో పాతబడతాయి. వాటిని చేసే విద్య ఒక తరంనుండి మరొక తరానికి అందుతూనే ఉంటుంది. ఆ విద్యను ఈ నేలలో నాటడమే వైను బప్పు సాధించిన అసలైన విజయం.

ప్రశ్నలు

1. వైను బప్పుకు ఖగోళశాస్త్రంపై ఆసక్తి కలగడానికి దోహదం చేసిన పరిస్థితులను వివరించండి.
2. విల్సన్-బప్పు ప్రభావం వలన నక్షత్రాల దూరాన్ని ఎలా తెలుసుకోవచ్చు?
3. వేధశాల కోసం బప్పు దక్షిణ భారతంలో స్థలాన్ని అన్వేషించడానికి కారణాలేమిటి?
4. యురేనస్ వలయాల సంగతి ఎలా వెల్లడైంది?
5. దూరదర్శినిని స్వదేశంలోనే నిర్మించాలని బప్పు ఎందుకు పట్టుబట్టారు? మీ అభిప్రాయం రాయండి.