పత్తిపూల పసుపులో రసాయన రహస్యం వెదికిన శేషాద్రి

సేంద్రియ రసాయనశాస్త్రంలో ఆక్సీకరణం అనగానే విద్యార్థులకు ఆల్కహాళ్ళ పాఠం గుర్తుకు వస్తుంది. ప్రైమరీ ఆల్కహాలు ఆల్డిహైడుగా, ఆపై ఆమ్లంగా మారుతుంది. సెకండరీ ఆల్కహాలు కీటోను అవుతుంది. అదే ఆక్సీకరణం పూల రంగులను ఎలా తీర్చిదిద్దుతుందో వాల్తేరులో శోధించిన శాస్త్రవేత్త తిరువెంకట రాజేంద్ర శేషాద్రి.

1900 ఫిబ్రవరి 3న తిరుచిరాపల్లి ప్రాంతంలోని కుళిత్తలైలో జన్మించిన ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివారు. మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ వద్ద పరిశోధించి 1929లో డాక్టరేటు పొందారు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. 1926లో పుట్టిన ఆ సంస్థ అప్పటికింకా పసిదే.

ముడిపదార్థం కోసం శేషాద్రి దూరం వెళ్ళలేదు. పత్తి, గోగు, గంగరావి పూలనే పరిశోధనకు ఎంచుకున్నారు. ఉల్లిపొట్టులో ఉండే క్వెర్సెటిన్‌కూ, పత్తిపూలలోని గాసిపెటిన్‌కూ తేడా ఒక్క హైడ్రాక్సిల్ సమూహమే. మొక్క మొదట సరళమైన రంగుద్రవ్యాన్ని తయారుచేసుకుని, తరువాత దాన్ని ఆక్సీకరించుకుంటుందా అన్నది ఆయన ముందున్న ప్రశ్న.

జవాబు కోసం ఆయన బృందం క్షార ద్రావణంలో పర్‌సల్ఫేటును ప్రయోగించింది. కాపాడవలసిన హైడ్రాక్సిళ్ళను ముందుగా మిథైల్ సమూహాలతో కప్పి, ఒకదాన్ని మాత్రం విడిచిపెట్టేవారు. బెంజీన్ వలయంలో దానికి సరిగ్గా ఎదుటి స్థానంలో కొత్త హైడ్రాక్సిల్ చేరేది. ఆల్కహాలు ఆక్సీకరణంలో ఉన్న సమూహమే రూపు మారుతుంది. ఇక్కడ వలయం చెక్కుచెదరకుండా అదనపు ఆక్సిజన్ వచ్చి చేరుతుంది. మొక్కలో జరుగుతుందని ఊహించిన మార్పు ప్రయోగశాలలోనూ సాధ్యమేనని ఈ పద్ధతి చూపింది.

ఈ కృషి ప్రశాంత వాతావరణంలో సాగలేదు. 1942 మార్చిలో జపాను సేనలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగడంతో గరాచర్మ పరిసరాలతో సహా దక్షిణ అండమాన్ వారి వశమైంది. ఏప్రిల్ 6న విశాఖపట్నంపై బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలవలసి వచ్చింది. స్థానం మారినా శేషాద్రి పరిశోధన విడిచిపెట్టలేదు.

వాల్తేరులో ఔషధ శాస్త్రం, రసాయన సాంకేతిక విద్య వేళ్ళూనడానికీ ఆయన తోడ్పడ్డారు. 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళి అక్కడా బలమైన పరిశోధక బృందాన్ని నిర్మించారు. 1960లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, 1963లో పద్మభూషణ్ ఆయనను వరించాయి. 1975 సెప్టెంబర్ 27న కన్నుమూశారు. పెరటి పూలతో, సాధారణ రసాయనంతో ప్రపంచస్థాయి విజ్ఞానాన్ని సాధించవచ్చని తెలుగు గడ్డమీద నిరూపించిన ఘనత శేషాద్రిది.