సర్దారు కె. ఎం. పణిక్కరు - చీనా దర్శనము

భారతీయ భాషలలో చీనాదేశమునకు తొలుత చోటు దొరికినది పట్టుబట్టల వలన. కాళిదాసు శాకుంతలమున చీనాంశుకము కనబడును. తెలుగున చీనిచీనాంబరములను మాట జానపదుల నోట సైతము నిలిచినది. ఫాహియాను, హ్యూయాన్ త్సాంగు మొదలగు యాత్రికుల గ్రంథముల వలన మన పూర్వచరిత్ర మనకే స్పష్టమైనది గాని, ఆ దేశపు రాజకీయములను, సమాజమును మనవారు స్వయముగా చూచి వ్రాసినది మిక్కిలి తక్కువ. ఆంగ్లేయుల పాలనాకాలమున చీనాను గూర్చిన మన జ్ఞానము చాలవరకు ఐరోపీయుల గ్రంథముల నుండి గ్రహించినదే. 1924లో రవీంద్రనాథ ఠాకూరు జరిపిన యాత్ర, 1937లో శాంతినికేతనమున వెలసిన చీనాభవనము, 1938లో కాంగ్రెసు పంపిన వైద్యబృందము ఈ లోటును కొంత తీర్చినవి. కాని ఆ దేశమున పాత ప్రభుత్వము కూలుటను, క్రొత్త ప్రభుత్వము నెలకొనుటను రెండింటిని స్వతంత్ర భారత రాయబారిగా చూచి, ఆ చూచినదానిని గ్రంథస్థము చేసినవాడు కావలం మాధవ పణిక్కరు. ఆయన దృష్టి యెంతవరకు నిజమును పట్టినది, ఎచ్చట తప్పినది అను విచారము ఆయన జీవితకథతో పెనవేసికొనియున్నది.

పణిక్కరు 1895 జూన్ 3వ తేదీన తిరువాన్కూరు సంస్థానములోని కావలం గ్రామమున జన్మించెను. అది కుట్టనాడు ప్రాంతము. పొలములకంటె నీరే యెక్కువగా కానవచ్చు చోటు. పడవయే అచ్చటి బండి. సముద్రశక్తిని గూర్చి తరువాతి కాలమున అంతగా ఆలోచించిన చరిత్రకారునకు ఇట్టి జన్మస్థలము తగినదే. కోట్టయమునందును, మద్రాసు క్రైస్తవ కళాశాలయందును చదివిన పిమ్మట ఆయన ఆక్స్‌ఫర్డులో క్రైస్ట్ చర్చి కళాశాలయందు చరిత్ర నభ్యసించెను. స్వదేశమునకు వచ్చి అలీగఢ్‌లో అధ్యాపకుడయ్యెను.

సహాయనిరాకరణోద్యమ దినములలో ఆయన అధ్యాపకవృత్తిని విడిచి పత్రికారంగమున ప్రవేశించెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసున స్థాపించిన స్వరాజ్య పత్రికలో పనిచేసెను. మలయాళియైన ఈ యువకునకు ఆంధ్ర నాయకులతో కలిగిన తొలి పరిచయమిదియే. 1924లో హిందూస్థాన్ టైమ్స్ వెలువడినప్పుడు దానికి సంపాదకుడయ్యెను. ఆపై లండనులో న్యాయశాస్త్రము చదివి బారిస్టరు పట్టము పుచ్చుకొనెను. పోర్చుగీసు, డచ్చి వారికి కేరళముతో గల సంబంధములను పరిశోధించి 1929లో ఒకటి, 1931లో ఒకటి చొప్పున రెండు గ్రంథములు ప్రకటించెను.

తరువాతి రెండు దశాబ్దములు ఆయన సంస్థానముల కొలువులో గడపెను. నరేంద్రమండలికి కార్యదర్శిగా, పటియాలా సంస్థానమున మంత్రిగా, బికనీరు సంస్థానమునకు దివానుగా పనిచేసెను. 1947లో పలువురు సంస్థానాధీశులు సందేహించుచుండగా బికనీరు ముందుకు వచ్చి రాజ్యాంగ పరిషత్తులో చేరుటకు ఆయన సలహా ముఖ్యకారణములలో నొకటి. రాజుల కొలువు ఆయనకు ఒక విద్య నేర్పెను. ప్రభుత్వములు పైకి పలుకు మాటను గాక, వాని బలమును, భయమును తూచి నిర్ణయమునకు వచ్చు నేర్పు అది. 1945లో ప్రకటించిన హిందూమహాసముద్ర గ్రంథమున, భారతదేశ స్వాతంత్ర్యము సముద్రరక్షణపై ఆధారపడియున్నదని ఆయన వాదించెను.

1948లో ఆయన నాన్కింగునకు రాయబారిగా వెళ్లెను. చియాంగ్ కై షేక్ ప్రభుత్వము అప్పటికి పైకి నిలిచియుండినను లోపల శిథిలమైయుండెను. నాణెము విలువ దినదినము పడిపోవుచుండెను. ఆ యేడు ఆగస్టులో ప్రవేశపెట్టిన బంగారు యువాను సైతము కొలది మాసములలో విలువ కోల్పోయెను. ఉద్యోగుల లంచగొండితనము, సైన్యముల నిరుత్సాహము, బియ్యము కొరకు జనుల యాతన ఇవన్నియు ఆయన కంటబడినవి. 1949 జనవరిలో చియాంగ్ అధ్యక్షపదవి నుండి తొలగెను. ప్రభుత్వము కాంటనుకు తరలినది. సోవియట్ రాయబారి ఆ ప్రభుత్వము వెంట దక్షిణమునకు పోగా, అమెరికా, బ్రిటను, భారత రాయబారులు నాన్కింగులోనే నిలిచిరి. ఏప్రిల్ 23వ తేదీ రాత్రి కమ్యూనిస్టు సైన్యములు నగరమున ప్రవేశించినవి. దోపిడికి అలవాటుపడిన నగరమున ఆ సైనికులు చూపిన కట్టుబాటు పణిక్కరు మనస్సున గాఢముగా నాటుకొన్నది.

అక్టోబరు 1న పెకింగులో జనతా గణరాజ్యము ప్రకటింపబడినది. దానిని త్వరగా గుర్తింపవలెనని పణిక్కరు అభిప్రాయము. తొందర వలదని దిల్లీలో వల్లభభాయి పటేలు, రాజగోపాలాచారి వంటి పెద్దలు తలచిరి. కమ్యూనిస్టేతర దేశములలో బర్మా ముందు గుర్తించెను. డిసెంబరు 30న భారతదేశము గుర్తించెను. 1950 మే నెలలో పణిక్కరు పెకింగున మావో సే టుంగునకు తన అధికారపత్రములు సమర్పించెను. ఒక దేశమున పరస్పర శత్రువులైన రెండు ప్రభుత్వముల యెదుట వరుసగా రాయబారియైనవాని గ్రంథమునకు రెండు చీనాలు అను అర్థమునిచ్చు పేరు కుదురుటలో వింతలేదు.

క్రొత్త చీనాను ఆయన చూచిన తీరున చరిత్రకారుడే ప్రధానుడు. 1950 మే నెలలో అమలునకు వచ్చిన వివాహశాసనము, జూన్‌లో వెలువడిన భూసంస్కరణ శాసనము పాత కుటుంబవ్యవస్థను, గ్రామవ్యవస్థను కదలించినవి. ఈ మార్పులను ఆయన మార్క్సు సిద్ధాంతముకంటె జాతీయ పునరుజ్జీవనముతో ఎక్కువగా ముడిపెట్టెను. నల్లమందు యుద్ధముల నాటినుండి నూరేండ్లు పరుల యెదుట తలవంచిన జాతి లేచి నిలిచినదని ఆయన భావన. వ్యక్తిస్వాతంత్ర్యము కుంచించుకొనిపోవుట ఆయనకు తెలియకపోలేదు. కాని పరాయి పెత్తనము తొలగుటయే ఆ కాలపు ప్రధానసంఘటనగా ఆయన యెంచెను.

ఈ దృష్టికి గొప్ప పరీక్ష కొరియాలో వచ్చినది. 1950 జూన్‌లో అచ్చట యుద్ధము మొదలైనది. అమెరికాకు కొత్త చీనాతో దౌత్యసంబంధములు లేవు. పెకింగు మాట వాషింగ్టనుకు చేరవలెనన్న దిల్లీ మీదుగానే సులభమార్గము. సెప్టెంబరు 20 ప్రాంతమున పణిక్కరు సైతము చీనా నేరుగా యుద్ధమున దిగునని తలంపలేదు. ఆ నెల చివర సైన్యాధికారి నీ జుంగ్ చెన్ తో జరిగిన సంభాషణ ఆయన అభిప్రాయమును మార్చినది. అమెరికా సేనలు తమ సరిహద్దు దెసకు వచ్చుచుండగా చీనా ఊరకుండదని ఆ అధికారి తొణకక చెప్పెను. నష్టమెంతయైనను భరింతుమను నిబ్బరము ఆ మాటలలో కనబడెను.

అక్టోబరు 2వ తేదీ అర్ధరాత్రి పణిక్కరును నిద్రలేపి ప్రధాని చౌ ఎన్ లై వద్దకు పిలిపించిరి. దక్షిణ కొరియా సేనలు 38వ అక్షాంశమును దాటినచో అది వేరు సంగతి, అమెరికా సేనలు దాటినచో చీనా జోక్యము చేసికొనునని ప్రధాని తెలిపెను. పణిక్కరు వెంటనే దిల్లీకి వర్తమానమంపెను. అచ్చటినుండి అది లండనుకు, వాషింగ్టనుకు చేరినది. కాని అచ్చటివారు దానిని నమ్మలేదు. పణిక్కరు చీనా పక్షపాతియని వారి నిశ్చయము. చెప్పినవానిపై గల అనుమానము చెప్పిన విషయమును మింగివైచినది. అమెరికా సేనలు అక్షాంశమును దాటినవి. అక్టోబరు 15న వేక్ ద్వీపమున జరిగిన సమావేశమున సేనాపతి మెకార్థరు చీనా జోక్యమునకు అవకాశము మిక్కిలి తక్కువయని అధ్యక్షుడు ట్రూమనుకు హామీయిచ్చెను. నాలుగు దినములకే చీనా సేనలు యాలూ నదిని దాటినవి. త్వరలో ముగియునని తలచిన యుద్ధము 1953 జూలై 27 వరకు సాగినది.

కొరియా విషయమున ఆయన మాట నిజమైన ఆ మాసముననే టిబెట్టు విషయమున ఆయన అంచనా తప్పినది. అక్టోబరు 7న చీనా సేనలు తూర్పు టిబెట్టున ప్రవేశించినవి. ఆ వార్త దిల్లీకి రాయబారి ద్వారా సకాలమున అందలేదు. పెకింగున ఆయన భారత వాదమును తగిన దృఢత్వముతో వినిపింపలేదని జవహర్‌లాల్ నెహ్రూయే అసంతృప్తి చెందెను. నవంబరు 7న పటేలు ప్రధానికి వ్రాసిన ప్రసిద్ధలేఖలో, రాయబారి చీనా చర్యలకు సమర్థనలు వెదకుటలో శ్రమపడుచున్నాడని ఆక్షేపించి, ఉత్తరపు సరిహద్దును గూర్చి హెచ్చరించెను.

ఈ సందర్భమున భాషావేత్తలు గమనింపదగిన అంశమొకటి కలదు. టిబెట్టుపై చీనాకు గలది నామమాత్రపు పై యధికారమని ఆంగ్లేయుల కాలము నుండి వచ్చిన మాట. స్థానిక పాలన టిబెట్టుదే, పైన ఛత్రచ్ఛాయ మాత్రము చీనాదని దాని భావము. 1950 ఆగస్టు 26న పెకింగునకు అందిన భారత పత్రమున ఆ మాటకు బదులు సంపూర్ణ సార్వభౌమత్వమును తెలుపు మాట పడినది. వినుటకు ఆంగ్లమున ఆ రెండు పదములు దగ్గరవి. అర్థమున ఒకటి ఛత్రము, రెండవది సింహాసనము. పిమ్మట భారతప్రభుత్వము పాత మాటనే వాడినను, నవంబరులో ఇచ్చిన సమాధానమున చీనా ఆగస్టు పత్రమును ఎత్తిచూపెను. రాజ్యముల మధ్య పర్యాయపదములు లేవని దీనివలన తెలియును.

1952లో టిబెట్టులోని భారత ప్రయోజనములను గూర్చి చౌ ఎన్ లైతో జరిగిన సంభాషణలలో సరిహద్దు ప్రస్తావన రాలేదు. దానిని మనముగా లేవనెత్తనవసరము లేదని పణిక్కరు సలహా. నెహ్రూ బహిరంగముగా ప్రకటించిన రేఖను చీనా కాదనకుండుటయే అంగీకారమునకు గురుతని ఆయన తలచెను. అనుభవజ్ఞుడైన గిరిజాశంకర బాజ్‌పాయి ఆ మౌనమును శంకించెను. సరిహద్దు మాట లేకయే 1954 ఏప్రిల్ 29న పంచశీల ఒప్పందము జరిగినది. 1962 అక్టోబరు 20న యుద్ధము వచ్చినప్పుడు బాజ్‌పాయి, పటేలు జీవించి లేరు. పణిక్కరు మాత్రము దానిని చూచుటకు మిగిలెను.

1952లో చీనా విడిచిన పిమ్మట ఆయన ఈజిప్టున రాయబారిగా ఉండెను. 1953లో ఆసియాపై పాశ్చాత్య ప్రాబల్యమును గూర్చిన ఆయన మహాగ్రంథము వెలువడినది. 1498లో వాస్కో డ గామా కోళిక్కోడు తీరమును చేరుట మొదలుకొని 1945 వరకు గల కాలమును ఒక యుగముగా ఆయన నిరూపించెను. సముద్రబలముగల ఐరోపా, భూభాగములపై ఆధారపడిన ఆసియా రాజ్యములను లోబరచుకొనుట దాని సారము. 1955లో చీనా జ్ఞాపకములు ప్రకటింపబడినవి. ఈ రెండు గ్రంథములను కలిపి చదివినగాని ఆయన చీనా దర్శనము పూర్తిగా అవగతము కాదు.

1953 డిసెంబరులో ఏర్పడిన రాష్ట్ర పునర్విభజన సంఘమున ఫజల్ అలీ, హృదయనాథ కుంజ్రూలతో పాటు ఆయన సభ్యుడు. 1955 సెప్టెంబరులో సమర్పించిన నివేదికలో, తెలంగాణము కొంతకాలము హైదరాబాదు రాష్ట్రముగా వేరుగా ఉండవలెనని, 1961 ప్రాంతమున జరుగు ఎన్నికల పిమ్మట అచ్చటి శాసనసభ మూడింట రెండువంతుల ఆధిక్యముతో కోరినచో ఆంధ్రతో కలియవచ్చునని ఆ సంఘము సూచించినది. ప్రభుత్వము వేరు మార్గమును అనుసరింపగా 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినది. 2014లో తెలంగాణము తిరిగి వేరైన పిమ్మట ఆ సూచనను తెలుగువారు మరల మరల తలచుకొనిరి. ఉత్తరప్రదేశము అతివిశాలమగుట సమాఖ్యకు హితము కాదని, దానిని విభజింపవలెనని పణిక్కరు ఒక్కడే ప్రత్యేకముగా వ్రాసిన అసమ్మతి పత్రము ఆయన నిర్భీకతకు నిదర్శనము.

ఇన్ని పదవులలో తిరిగినను ఆయన మలయాళమును విడువలేదు. కవిత్వము, నాటకము, నవల, ఆత్మకథ అన్నియు మాతృభాషలో వ్రాసెను. పళశ్శి రాజు పోరాటమును వర్ణించిన కేరళ సింహము అను నవల 1941లో వెలువడి నేటికిని చదువబడుచున్నది. 1956లో ఏర్పడిన కేరళ సాహిత్య అకాడమికి ఆయనయే తొలి అధ్యక్షుడు. ఫ్రాన్సు దేశమున రాయబారిగా, రాజ్యసభ సభ్యుడుగా, కాశ్మీరు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా పనిచేసి, చివరకు మైసూరు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా ఉండగా 1963 డిసెంబరు 10న కాలధర్మము చెందెను. యునెస్కో మానవచరిత్రలో 20వ శతాబ్దిపై ఇతరులతో కలిసి ఆయన రచించిన సంపుటము 1966లో, మరణానంతరము, వెలువడినది.

పణిక్కరు కొరియా విషయమున నిజము చెప్పుటకును, టిబెట్టు విషయమున పొరబడుటకును మూలమొక్కటియే. ఆసియాకును పాశ్చాత్యులకును మధ్య సంఘర్షణయే ఆయన చరిత్రసిద్ధాంతమునకు వెన్నెముక. కొరియా ఆ చట్రమున సరిగా ఇమిడినది. పాశ్చాత్య సేన తన గుమ్మమునకు వచ్చినచో చీనా ఓర్వదని ఆయన గ్రహింపగలిగెను. టిబెట్టు ఆ చట్రమున ఇమడలేదు. అచ్చట ఎదురైనవి రెండు ఆసియా రాజ్యములు. పరాయి పెత్తనము క్రింద నలిగిన దేశము తానును పొరుగువానిపై పెత్తనము నెరపగలదను ఆలోచనకు ఆయన సిద్ధాంతమున చోటు చాలలేదు. వాషింగ్టను పెద్దలది దీనికి విలోమమైన దోషము. కమ్యూనిస్టుల మాట బెదరింపు మాత్రమేయని ముందే నిశ్చయించుకొని, నిజమును తెచ్చిన వార్తాహరుని త్రోసిపుచ్చిరి.

చీనాను గూర్చిన గ్రంథములు నేడు లెక్కకు మించి వెలువడుచున్నవి. ఆ దేశపు బలము పెరిగినకొలది మెచ్చువారును భయపడువారును పెరిగిరి. పణిక్కరు జ్ఞాపకములు నేటికిని చదువదగినవగుట ఆయన తీర్పులన్నియు సరియైనవగుటచే కాదు. కూలిన ప్రభుత్వమును, నిలిచిన ప్రభుత్వమును ఆ వీధులలో తిరిగి, ఆ మనుష్యులతో మాటలాడి చూచిన భారతీయుని సాక్ష్యము అగుటచేతనే. దానిని బాజ్‌పాయి సందేహముల ప్రక్కను, పటేలు లేఖ ప్రక్కను ఉంచి చదువుట పరిశోధకులకు శ్రేయస్కరము.