హైదరలీ: వేగు వార్త విలువ తెలిసిన మన జిల్లా సేనాని

హైదరలీ అంటే అందరికీ శ్రీరంగపట్నం గుర్తొస్తుంది. పుట్టింది మాత్రం మన బంగారుపేట దగ్గరి బూదికోటలో, 1720 ప్రాంతంలో. తండ్రి ఫతే మహమ్మద్ సమాధి కోలారు ఊళ్లోనే ఉంది. చదవను రాయను రాని మనిషి మైసూరును ఎలా ఏలాడని అడిగితే చాలామంది కత్తిని, గుర్రాన్ని చూపిస్తారు. నా లెక్కలో అంతకు మించిన బలం మరొకటి ఉంది. శత్రువు ఎక్కడున్నాడో, ఏం చేయబోతున్నాడో అతనికి ముందే తెలిసేది.

కన్నడం, తెలుగు, తమిళం, మరాఠీ, హిందుస్తానీ ఐదూ మాట్లాడేవాడు. విన్నది మరిచేవాడు కాదు. అందుకే వేగులవాళ్లు, హర్కారాలు తెచ్చిన కబురును ఎవరూ చదివి వినిపించనక్కర లేకుండా తానే విని తూచగలిగేవాడు.

అయినా ఒకసారి దెబ్బ తిన్నాడు, అదీ మన జిల్లాలోనే. 1768లో ఇంగ్లీషువాళ్లు కోలారు, ముళబాగిలు పట్టుకున్నారు. ముళబాగిలు కోట మళ్లీ హైదరలీ చేతికి వచ్చాక, అక్టోబరులో కల్నల్ వుడ్ దానికోసం వచ్చి ఓటమి అంచుకు చేరాడు. అప్పుడు కెప్టెన్ బ్రూక్ కొద్దిమందితో రెండు ఫిరంగులను ఓ బండ మీదికి చేర్చి పేల్చాడు. సేనాపతి స్మిత్ వచ్చేశాడని అతని సిపాయిలు కేకలు పెట్టారు. స్మిత్ అక్కడ లేడు. మైసూరు సేన ఆ కేకలు నమ్మి తడబడింది, వుడ్ తప్పించుకున్నాడు.

మరుసటి ఏడాది అదే ఎత్తు హైదరలీ తిప్పి వేశాడు. స్మిత్ సేనను దూరంగా లాగి, దాదాపు 6,000 గుర్రాలతో మూడు రోజుల పైచిలుకులో 130 మైళ్లు నడిచి, 1769 మార్చిలో మద్రాసు పక్కన పరంగిమలై దగ్గర దిగాడు. ఏప్రిల్‌లో కంపెనీ సంధి చేసుకుంది.

1780లో కల్నల్ బెయిలీ గుంటూరు నుంచి దిగి వస్తున్నాడు, మన్రో కంచిలో ఉన్నాడు. బెయిలీకి సాయంగా మన్రో పంపిన ఫ్లెచర్‌కు దారి చూపేవాళ్లు హైదరలీ మనుషులే. ఫ్లెచర్ అనుమానించి దారి మార్చాడు కనుక బతికి బెయిలీని చేరాడు. కానీ మన్రో కదిలే సన్నాహం లేదని వేగులు కబురు తేగానే, హైదరలీ సేనంతటినీ బెయిలీ మీదికి తిప్పాడు. సెప్టెంబరు 10న పొల్లిలూరులో బెయిలీ దళం నాశనమైంది.

1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో హైదరలీ చనిపోయాడు. కొడుకు టిప్పు మలబారులో ఉన్నాడు. పూర్ణయ్య, కృష్ణారావు ఆ మరణాన్ని దాచి, శవాన్ని ధనపు పెట్టెలా కోలారుకు పంపారు. కొన్నాళ్లు తండ్రి పక్కనే ఉంచి, తర్వాత శ్రీరంగపట్నం తీసుకెళ్లారు. కబురు మద్రాసుకు పొక్కింది, కానీ జనరల్ స్టూవర్ట్ నమ్మలేదు, కదల్లేదు. ఈలోగా టిప్పు వచ్చి సేనను చేతిలోకి తీసుకున్నాడు.

వార్త చేరినంత మాత్రాన చాలదు. దాన్ని తూచి, నిజమైతే వెంటనే కదలాలి. ముళబాగిలులో సేన తూచలేదు, మద్రాసులో స్టూవర్ట్ కదల్లేదు. బూదికోట, కోలారు సమాధి, ముళబాగిలు కోట ఒక్క రోజులో చూసి రావచ్చు. సెలవుల్లో పిల్లలను తీసుకెళ్లి ఈ కథ అక్కడే చెప్పండి.