ఫిడేలు నాయుడు గారు

పిడుగురాళ్లలో స్కూల్లో ఉన్నప్పుడు ఇంగ్లిష్ నోట్సులో 'సెకండ్ ఫిడిల్' అంటే ఇంకొకరి వెనక ఉండిపోవడం అని రాసుకున్నాను. బుర్రకథలో వంతల్లాగా అన్నమాట. అప్పటికి నేను ఫిడేలు చూసింది లేదు. ఆ తర్వాత యూట్యూబ్‌లో ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని విన్నాను.

ఆయన 1893 నవంబర్ 8న బెంగళూరులో పుట్టారు, పెరిగింది విశాఖపట్నంలో. చిన్నప్పటి నుంచీ చూపు సరిగా ఆనేది కాదు, దానివల్ల బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. అన్నగారు వెంకటకృష్ణయ్య ఇంట్లోనే ఫిడేలు నేర్పారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళ్తే, ప్రిన్సిపల్ ఆదిభట్ల నారాయణదాసు గారు ఆయన వాయింపు విని ఏకంగా పాఠాలు చెప్పే ఉద్యోగం ఇప్పించారు. అడ్మిషన్ కోసం వెళ్తే ప్రొఫెసర్ ఆఫర్ లెటర్ అన్నమాట! 1936లో అదే కాలేజీకి ప్రిన్సిపల్ అయ్యారు.

ఇక్కడ పక్కవాద్యం అంటే ఏంటో కొంచెం చెప్పాలి. కచేరీలో ఫిడేలు గాయకుడి పక్కన ఉంటుంది. రాగం ఎటు తిరుగుతుందో ముందే ఎవరూ చెప్పరు. గాయకుడు పాడుతుంటే అరక్షణం వెనకే నీడలా వెళ్లాలి. తన వంతు వచ్చినప్పుడు అదే రాగం తనూ వాయించాలి, కానీ గాయకుడి కంటే ఎక్కువసేపు సాగదీయకూడదు. స్వరాలు పాడి వదిలితే అక్కడికక్కడే జవాబివ్వాలి. నన్నడిగితే లైవ్ కోడింగ్ ఇంటర్వ్యూ దీనికంటే నయం.

అలాంటి ఫిడేలుని నాయుడు గారు కచేరీ మధ్యలో కూర్చోబెట్టారు. 1938లో వెల్లూరులో సోలో కచేరీ చేశారు. పాట లేదు, పాడేవాళ్లూ లేరు, అయినా కమాను పాడుతున్నట్టే ఉంటుంది. చూపు తక్కువైన మనిషి, ఏళ్ల తరబడి గొంతులు వినీ వినీ ఆ పనితనం సంపాదించారని నాకనిపిస్తుంది. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది, 1957లో పద్మశ్రీ వచ్చింది. జనం మాత్రం ఫిడేలు నాయుడు గారనే పిలిచారు. 1964 నవంబర్‌లో పోయారు.

మొన్న రాత్రి హాస్టల్లో ఆయన పాత రికార్డింగ్ ఒకటి మళ్లీ విన్నాను. ఈసారి వెనక మృదంగం కూడా గట్టిగా వినిపించింది. వాయించింది ఎవరా అని చూస్తే, వీడియో కింద నాయుడు గారి పేరొక్కటే ఉంది.