కొయ్యకు నాదమిచ్చిన వడ్రంగి

వెదురుబద్దను నిప్పుసెగకు కాచి మేదరులు నేర్పుగా వంచడం మన పల్లెలలో అందరూ ఎరిగినదే. ఆ నేర్పే మరొక దేశంలో, మరొక కొయ్యపై ప్రయోగింపబడి గిటారు అనే వాద్యానికి రూపమిచ్చింది. ఆ రూపాన్ని స్థిరపరచిన ఒక పేద వడ్రంగి జీవితాన్ని పాఠకులకు పరిచయం చేయదలచాము.

స్పెయిన్ దేశంలోని అల్మేరియా నగరం క్రీ.శ. 955లో అరబ్బుల ఏలుబడిలో వెలసింది. దాని పేరు సైతం అరబ్బీ పదమే. ఆ నగరం చెంతనున్న గ్రామంలో 1817 జూన్ 13న ఆంటోనియో దె టోరెస్ జన్మించాడు. పన్నెండవ ఏట వడ్రంగం నేర్వసాగాడు. 1835లో వివాహమైంది. అప్పులు చుట్టుముట్టాయి; ఇద్దరు బిడ్డలు, పిమ్మట భార్య మరణించారు. ఆ దుఃఖభారంతో ఆయన సెవిల్ నగరం చేరి గిటార్ల నిర్మాణానికి పూనుకున్నాడు.

మన బొబ్బిలి వీణ కుండను పనస మొద్దునుండి తొలుస్తారు. గిటారు పక్కల విధానం వేరు. సుమారు రెండు మిల్లీమీటర్ల మందానికి చిత్రికపట్టిన పలకను నీటితో తడిపి, కాగిన ఇనుప గొట్టంపై అదిమి కొంచెం కొంచెంగా వంచుతారు. వేడికి కొయ్యలోని నారలను బంధించే పదార్థం మెత్తబడుతుంది, చల్లారగానే బిగుసుకుంటుంది. వేడి చాలకున్న పలక విరుగుతుంది, మించిన మాడుతుంది. సన్నని నడుము వంపువద్దనే పనివాని ఓర్పుకు అసలు పరీక్ష.

టోరెస్ వాద్యశరీరాన్ని విశాలపరచి, పైపలక లోపల విసనకర్ర వలె సన్నని బద్దలు అమర్చే పద్ధతికి పరిపూర్ణత నిచ్చాడు. 1858లో సెవిల్ ప్రదర్శనలో పతకం పొందాడు. నాదానికి ప్రాణం పైపలకలోనే ఉన్నదని నిరూపించుటకు 1862లో వెనుకభాగాన్ని, పక్కలను అట్టతో చేసి ఒక గిటారు నిర్మించాడు. అది నేడు బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో ఉన్నది.

1869లో తార్రెగా అనే యువవాదకుడు గిటారు కొనుటకు రాగా, మొదట సాధారణమైన దానిని చూపి, అతని వాదనం విన్నంతనే తన కొరకు దాచుకున్న వాద్యాన్ని అందించాడు. ఆ యువకుడే అనంతరం జగద్విఖ్యాతుడైనాడు. కాని టోరెస్‌ను పేదరికం వీడలేదు. 1870 ప్రాంతంలో పని మానుకొని అల్మేరియాలో పింగాణీ సామానుల అంగడి తెరిచాడు. 1875లో మరల ఉలి పట్టి, 1892 నవంబరు 19న కన్నుమూసేవరకు విడువలేదు.

ఆ రహస్యాన్ని సమాధిలోకి కొనిపోవద్దని ఒక మతాచార్యుడు వేడుకొనగా, దానిని అప్పగించుట తనకు సాధ్యం కాదనీ, పలకను తడిమే బొటనవ్రేలు, చూపుడువ్రేలి స్పర్శలోనే అది ఉన్నదనీ ఆయన తెలిపినట్లు ఆ ఆచార్యుడే తరువాత వ్రాశాడు. నేడు ప్రపంచమంతటా శాస్త్రీయ గిటార్లు ఆయన నమూనానే అనుసరిస్తున్నాయి. మన దక్షిణాది ఇరుగుడు చేవకు అందులో స్థానం లభించింది. కొలతలు మిగిలాయి, స్పర్శ మిగలలేదు.

గ్రంథాలకెక్కని విద్యలెన్నో మన ఊరి వడ్రంగుల, మేదరుల, దర్జీల చేతులలోనూ ఉన్నాయి. ఆ చేతులు కదలాడుతుండగనే, ఉస్తాదు చెంత కూర్చొని నేర్చుకొనుట మన విద్యార్థుల కర్తవ్యమని మేము భావిస్తున్నాము.