పిడికెడు బియ్యము: బిషప్ అజరయ్యగారి జీవితము నేర్పు కృతజ్ఞత



పాలంపేట చుట్టును రామప్ప చెరువు నీటితో పండు వరి పొలములున్నవి. పంట ఇంటికి చేరిన పిమ్మట ఈ ప్రాంతపు సంఘములవారు కృతజ్ఞతార్పణ పండుగ జరుపుకొనుట మీరెరిగినదే. ఒకరు కొత్త వడ్లు తెత్తురు, ఒకరు గుమ్మడికాయ తెత్తురు, మరియొకరు కోడిపెట్టను కాళ్లు కట్టి తెత్తురు. ఏమియు లేని అవ్వ, ఎసరు పెట్టినప్పుడెల్ల తీసి దాచిన పిడికెడు పిడికెడు బియ్యమును కొంగున మూటగట్టుకొని వచ్చి బల్ల ముందుంచును. ఆరాధన ముగిసిన తరువాత వాటిని వేలము వేసి, వచ్చిన సొమ్మును సంఘ ఖాతాలో జమ కట్టుదురు.

ఒక సంవత్సరము ఇట్టి పండుగనాడు చదువుకొన్న యువకుడొకడు మమ్మును ఒక ప్రశ్న అడిగెను. ఆ అవ్వకే తినుటకు చాలదు గదా, ఆమె యొద్ద నుండి సంఘము తీసికొనుట న్యాయమా అనెను. ప్రశ్నలో జాలి యున్నది. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. తరువాత ఆలోచింపగా, ఈ ప్రశ్నకు మన తెలుగు దేశములో ఒక దైవసేవకుడు తన జీవితమంతటితో జవాబు చెప్పియున్నాడని జ్ఞాపకము వచ్చినది. ఆయనే దోర్నకల్ ప్రథమ అధ్యక్షులు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. ఆయన చరిత్రను మరల నెమరు వేసికొనుట మనకు మేలని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అజరయ్యగారు 1874 ఆగష్టు 17వ తేదీన తమిళ దేశములో తిరునెల్వేలి ప్రాంతమందలి వెల్లాలన్‌విలై అను పల్లెలో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకంగారు పల్లె సంఘముల గురువు. అజరయ్యగారు చదువుకొను వయస్సులోనే తండ్రి ప్రభువునందు నిద్రించిరి. తల్లి ఎలెన్‌గారు భక్తిగల స్త్రీ, క్రమశిక్షణలో గట్టి మనిషి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని పట్టా చేతికి రాలేదు. అట్టివారికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమిచ్చుట దేవుని ఏర్పాటు కాక మరేమి!

1895లో ఆయన వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణ భారతమంతట యువకుల మధ్య పని చేసిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. 1902లో సింహళ ద్వీపమునందలి యాఫ్నాకు వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ స్వంత చందాలతో పరస్థలములకు సువార్తికులను పంపుచుండుట చూచిరి. ఆ సంగతి ఆయన హృదయమున నాటుకొన్నది. తిరునెల్వేలి సంఘము ఎన్నో తరములుగా సువార్త ఫలమును అనుభవించుచున్నది, మరి అది ఎవరికి ఇచ్చినది అను చింత ఆయనను విడువలేదు. ఫలితముగా 1903 ఫిబ్రవరి 12న పాళెంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడెను. పంపబడువారు భారతీయులు, ధనము భారతీయులది, నిర్వాహకులు భారతీయులు. 1905 క్రిస్మస్ దినమున శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడును ఆయన ముందు నిలిచిరి.

ఆ తిరునెల్వేలి సొసైటీ ఎన్నుకొన్న పొలము మన తెలుగు నేల, నైజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము. పూర్వపు వరంగల్లు జిల్లాలో చేరి, నేడు మహబూబాబాదు జిల్లాలో ఉన్న ఊరది. నాడు రైలు జంక్షను అయినను చుట్టును అడవి. ఇతరులను వెళ్లుడని పిలుచుచు తాను మద్రాసులో కూర్చుండుట అజరయ్యగారికి మనస్కరింపలేదు. 1909లో వై.ఎం.సి.ఎ. పదవిని విడిచి గురు పట్టాభిషేకము పొంది ఆయనయే మిషనరీగా దోర్నకల్ చేరిరి. మొదట నివాసము గుడారము. ముప్పది ఐదవ యేట తెలుగు నేర్చుకొని, ఆ భాషలోనే ప్రసంగించి, పల్లె ప్రజలతో వారి అరుగుల మీద కూర్చుండి మాటలాడిరి. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెతీడ్రల్‌లో ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి నొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఒక నల్లవాని క్రింద తెల్లవారు పని చేయుదురా అని సందేహించినవారు ఆనాడు లేకపోలేదు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్‌గారు పట్టుబట్టి ఈ కార్యమును సాధించిరి.

ఆ రోజులలో దోర్నకల్ పల్లెలలో సంఘమన్న ఎవరు? ఎక్కువగా మాలలు, మాదిగలు. ఊరి బావి వారిది కాదు, పొలము వారిది కాదు. దొరలకు వెట్టి చేయవలసినవారు. తాత చేసిన అప్పునకు మనుమడు జీతమున్నవాడు. ఇట్టివారి యొద్దకు వచ్చిన బోధకుడు సహజముగా ఏమి చేయును? జాలిపడి ఇచ్చును. ఇచ్చువాడు పైన నుండును, పుచ్చుకొనువాడు క్రింద నుండును. అజరయ్యగారు ఈ పద్ధతిని మార్చగోరిరి. వారికి బడులు, వైద్యము, ఉపదేశకులు కావలెనని ఎంత పాటుపడిరో, వారి చేతులు కానుక నిచ్చు చేతులు కావలెనని అంత పాటుపడిరి. దేవునికి ఇచ్చుట ధనవంతుల హక్కు మాత్రమే కాదనియు, బీదవానిని ఇయ్యవద్దని చెప్పువాడు అతనికి జాలి చూపుటలేదు, అతని ఘనతను తీసివేయుచున్నాడనియు ఆయన జీవితము చాటుచున్నది. వడ్లు, గ్రుడ్లు, కోడి, పిడికెడు బియ్యము ఏదైనను సరే, కృతజ్ఞతతో తెచ్చినది ఆరాధనలో భాగమే. ఈ విషయముపై ఆయన ఇంగ్లీషులో వ్రాసిన క్రిస్టియన్ గివింగ్ అను చిన్న పుస్తకము ఆయన మరణానంతరము పరదేశములలోను ముద్రణ పొందినది. పల్లెల అనుభవము నుండి పుట్టిన బోధ గనుకనే అది లోకమునకు ఉపయోగపడినది.

ఇచ్చుట ధనముతో ఆగలేదు. సాక్ష్యము ఇచ్చుటయు వారి వంతే. క్రొత్తగా బాప్తిస్మము పొందినవారిచేత తలపై చేయి పెట్టించి, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్త చెప్పకపోయిన తమకు శ్రమయనియు పలికించుట ఆయన అలవాటు. అక్షరము రానివాడును ఆ దినము నుండి సువార్తికుడే. సంవత్సరమునకొకసారి సాక్ష్య వారమున సంఘస్థులు పాటలతో పొరుగు పల్లెలకు వెళ్లుచుండిరి.

దైనందిన జీవితమును విడిచిన భక్తిని ఆయన ఒప్పుకొనలేదు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు, ఈ నాలుగును దోర్నకల్‌ను పట్టి పీడించు నాలుగు దయ్యములని ఆయన చెప్పుచుండిరి. ఎద్దుబండి మీద పల్లె పల్లె తిరిగి, బాప్తిస్మపు సిద్ధపాటుతో పాటు ఇల్లు ఊడ్చుట, సారా మానుట, బిడ్డను బడికి పంపుట గూర్చి విచారించిరి. అన్బు అమ్మగారు తల్లుల మధ్య ఈ పనినే చేసిరి. ప్రజలు ఆయనను ప్రేమతో తండ్రిగారు అని పిలిచిరి.

పుచ్చుకొనువారికి ఇచ్చుట నేర్పిన ఈయన, ఇచ్చువారికి మరియొక పాఠము నేర్పిరి. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో, ఇంకను బిషప్పు కాని ఈ భారతీయ గురువు నిలిచి, పాశ్చాత్య మిషనరీలు తమ ధనమును, ప్రాణమును సహా భారతదేశమునకిచ్చిరనియు, అందుకు కృతజ్ఞులమనియు, అయితే తమకు కావలసినది స్నేహమనియు చెప్పిరి. ఒకే బల్లయొద్ద కూర్చుండని దాతృత్వము కొదువగలదేనని ఆయన భావము. సభలో కొందరికి ఆ మాట కష్టముగా తోచినది. కాని మేలు పొందినవాడు మేలు చేసినవానికి నిజము చెప్పుటయు కృతజ్ఞతలో భాగమే గదా!

1930వ దశకములో మహాత్మా గాంధీగారు సామూహికముగా క్రైస్తవ్యములో చేరుటను విమర్శించినప్పుడు అజరయ్యగారు ఇదే విశ్వాసముతో నిలిచిరి. పల్లెలోని నిరుపేద ఆలోచన లేనివాడు కాడు, దేవుని గూర్చి తానే తెలిసికొని తానే నిర్ణయించుకొనగలడు అనునదే ఆయన వాదము. ఇయ్యగలడు, చెప్పగలడు, తెలిసికొనగలడు అని బీదవానిని అంతగా నమ్మినవారు అరుదు.

ఆయన కట్టించిన ఎపిఫనీ దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. దేశీయ దేవాలయముల వంటి స్తంభములు, మహమ్మదీయ కట్టడముల వంటి గుమ్మటములు, వాటి మధ్య క్రీస్తు సిలువ అక్కడ చూచెదము. పాలంపేటలో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించిన రామప్ప గుడి స్తంభములను చిన్నప్పటినుండి చూచిన మా కండ్లకు దోర్నకల్ స్తంభములు పరాయివిగా తోచవు. క్రీస్తును ఆరాధించుటకు ఈ నేల చేతిపనిని విడువనక్కరలేదని తండ్రిగారు రాతిలో చెప్పిరి.

అయినను ఆయన కోరినదంతయు ఆయన చూడలేదు. 1919లో తరంగంబాడిలో ఆరంభమైన సంఘైక్య ప్రయత్నమునకు ఆయన నాయకులలో ఒకరు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడునాటికి ఆయన లేరు. 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. ఆ దేవాలయపు నీడనే ఆయన సమాధి యున్నది. మరియొక కొరతయు ఉన్నది. ఒకే పాత్రలోనిది త్రాగు మాలలు, మాదిగలు ఒకే కుటుంబము కావలెనని ఆయన ఆశించిరి. పల్లెలలో ఆ గోడ ఆయన కాలములో పూర్తిగా కూలలేదు. మన కాలములో కూలినదని ఎవరు ధైర్యముగా చెప్పగలరు? వివాహ సంబంధములు చూచునప్పుడు, సంఘ పెద్దలను ఎన్నుకొనునప్పుడు మన హృదయములను మనమే పరీక్షించుకొందము.

ఇక ఆ యువకునికి మా జవాబు. ఆ అవ్వ మూట విప్పునప్పుడు ఆమె బిచ్చము వేయుటలేదు, పన్ను కట్టుటలేదు. తానును దేవుని యింట ఇచ్చుటకు యోగ్యురాలినని చెప్పుచున్నది. ఆమె తాతలకు ఊరిలో ఆ యోగ్యత లేదనిరి. కనుక ఆ బియ్యమును వద్దనుటకు మనకు హక్కు లేదు. అయితే పుచ్చుకొని ఊరకుండుటకును హక్కు లేదు. పండుగ మరునాడు ఆమె పొయ్యి వెలిగినదా లేదా అని ఆమె గడప తొక్కి చూచుట మన బాధ్యత. ఇచ్చుట ఆమె వంతు, స్నేహము మన వంతు. తండ్రిగారు నేర్పిన రెండు పాఠములు అప్పుడే ఒకటగును.

ఆ సంవత్సరము వేలములో ఆ బియ్యపు మూటను ఆ యువకుడే పాడుకొనెను. దానిని మరల అవ్వ ఇంటికి తీసికొనిపోయి, అక్కడ వండించి, ఆమెతో కూర్చుండి భుజించెనని తరువాత మాకు తెలిసినది. మేము చెప్పిన జవాబు కంటె అతడు చేసిన పని మేలైనది.

దేవుని కృప మన సంఘములన్నిటికిని తోడైయుండును గాక. ఆమేన్.